గున్నమ్మ పేనిన దూరం

ప్రయాణం 612. బుధవారం.

పోయిన తాడు, సోమవారం ఎక్కినప్పటిది, నూరు బారలు. వచ్చిన తాడు, ఇవాళ్టిది, నూట నాలుగు.

నూట అయిదు దాటితే టవర్‌కు చెప్పాలి. చెబితే దగ్గరదారి మూసేస్తారు. దాటలేదు కాబట్టి చెప్పలేదు. నాలుగు ఎక్కువని మాత్రం రాసి సంతకం పెట్టాను.

విమానం ఉప్పుమేరలో మన గడియారం ప్రకారం పొద్దున్న ఆరింటికి లేచింది, మన నీలవలసలో సాయంత్రం నాలుగింటికి దిగింది. పది గంటలు. ఎప్పుడూ పది గంటలే. భూమ్మీద కొలిస్తే ఈ రెండు విమానాశ్రయాల మధ్య పదహారు వేల కిలోమీటర్లు. దగ్గరదారి వేయకముందు రెండు చోట్ల దిగి ఎక్కి, ఒకటిన్నర రోజు పట్టేదట. ఆ దారి ఎలా వేశారో నాకు తెలియదు, తెలిసినట్టు చెప్పుకునేవాళ్ళకీ తెలియదు. నాకు తెలిసింది ఒకటి. దాని లోపల ఏ గడియారమూ సరిగ్గా నడవదు. ఒకటి ఆగుతుంది, ఒకటి పరిగెడుతుంది, ఒకటి వెనక్కి తిరుగుతుంది. మనిషి చెయ్యి మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. అందుకే ఇంత పెద్ద విమానాశ్రయంలో తాళ్ళ పాక ఒకటి ఉంది, దానికి నేను పెద్దను.

పైలట్ ఉండడు. నూట నలభై మంది ఉప్పుపనివాళ్ళు నిద్రపెట్టెల్లో పడుకుని వస్తారు. మెలకువగా ఉండేది ఒక్క మనిషి. మా ఇంటిది, గున్నమ్మ. నడవాలో చాప వేసుకుని కూర్చుని, దిగేదాకా కొబ్బరిపీచు పేనుతుంది. గంటకు పది బారలు. రెండు చేతులూ చాచినంత పొడవు ఒక బార, అంటే నాలుగు మూరలు. దిగాక ఆ తాడు నేను కొలుస్తాను. నూరు వస్తే లోపల కూడా పది గంటలే గడిచాయని అర్థం. లోపల మనుషుల ఆయుష్షు ఎంత ఖర్చయిందో చెప్పేది తాడొక్కటే.

పంతొమ్మిదేళ్ళలో మా తాడు నూట రెండు దాటలేదు. గున్నమ్మకు పేనడం నేర్పింది నేనే.

ఇంటికొచ్చాక అడిగాను. "ఈపాలి నీ సెయ్యి ఉరికినాదేటి?"

"నా సెయ్యి ఉరకదు," అంది, చేపలు తోముతూ.

"నాలుగు బారలు ఎక్కువొచ్చినాది."

"అయితే దారి నాలుగు బారలు సాగినాది."

"దారి సాగడానికి అదేటి, లాగితే వొచ్చే రబ్బరా?"

"నానేటి సెప్పగలను. నా సెయ్యి మట్టుకు అదే."

ప్రయాణం 613. బుధవారం.

పొద్దున్నే రన్‌వే మీద ఎండ్రకాయలు ఊడ్చాము. మునిగిన ఊరి వైపునుంచి ఎక్కి వస్తాయి. ఆ ఊరి వాటర్ ట్యాంకు నెత్తి ఒక్కటే ఇప్పుడు సముద్రంలో కనిపిస్తుంది.

పోయిన తాడు నూరు. వచ్చింది నూట తొమ్మిది.

గోడకు రెండు ఇనప మేకులు బారెడు దూరంలో దిగ్గొట్టి ఉంటాయి. వాటిమీద చుట్టి లెక్కపెడతాం. మూడుసార్లు చుట్టాను. నూట తొమ్మిదే.

దారి తప్పు కాదు. రెండు వైపులా గడియారాలు పది గంటలే అంటున్నాయి. పోయేటప్పుడు నూరు వచ్చిన దారి వచ్చేటప్పుడు నూట తొమ్మిది ఎలా అవుతుంది? ఇంటినుంచి బజారు ఎంత దూరమో, బజారునుంచి ఇల్లు అంతే దూరం. కాబట్టి తప్పు చేతిది. అరవై దాటిన మనిషి, తిరుగు ప్రయాణంలో ఇల్లు గుర్తుకొచ్చి చెయ్యి తొందరపడుతోంది. అలా అని రాస్తే, పంతొమ్మిదేళ్ళ తర్వాత దాలయ్య ఇంటి చెయ్యి చెడిందని రాసినట్టు. భీమిలి వైపు తాళ్ళవాళ్ళు ఈ పని పట్టుకుపోవడానికి ఆ మాటకోసమే కాచుకుని ఉన్నారు.

ఎనిమిది బారలు కోసేశాను. నూట ఒకటి అని రాశాను. కోసిన ముక్కను పీచు నానబెట్టే గుంటలో పడేశాను.

ప్రయాణం 614. బుధవారం.

వచ్చిన తాడు నూట ఇరవై ఒకటి. నూరు ఉంచి మిగతాది కోశాను.

గున్నమ్మ చూసింది. పాక గుమ్మంలో నిలబడి కత్తి వైపు చూసి, నా వైపు చూసింది.

"ఏటి సేస్తన్నావు?"

"నీ పరువు కాస్తన్నాను."

"నా పరువా, నీదా?"

"రెండూ ఒకటి కాదేటి?"

ఆమె వంగి పీచు చుట్టలు ఎన్ని మిగిలాయో చూసుకుంది. ఎప్పుడూ నాలుగు పట్టుకెళ్ళేది, వచ్చేవారం ఆరు కావాలంది. ఎందుకని అడిగితే, "సాలకపోతే నడవాలో కొబ్బరిసెట్టు లేదు మరి" అంది.

ప్రయాణం 615. బుధవారం.

నూట అరవై ఎనిమిది.

మెట్లబండి తోసే పోలయ్య నన్ను బావా అంటాడు. వరసకు కాదు, అలవాటుకు. వాడు ఈరోజు దిగుతున్న జనాన్ని చూసి నవ్వాడు. "ఈళ్ళ గెడ్డాలు సూడు బావా. ఎక్కేముందు నున్నగా గీయించుకున్నారట. ఒక్క పూటకి ఇలగ మొలిసినాయి. ఉప్పునీళ్ళ బలమేటో."

"నీకూ ఆ నీళ్ళు తెప్పించనా?" అన్నాను. వాడిది బట్టతల. అందరూ నవ్వారు.

నవ్వాను గానీ, పాకలోకి వచ్చాక ఆ గెడ్డాలు కళ్ళ ముందునుంచి పోలేదు. నూట అరవై ఎనిమిది బారలంటే పదహారు గంటల ముప్పావు. గెడ్డం చెయ్యి తొందరపడి మొలవదు కదా.

అయినా అరవై ఎనిమిది బారలు కోశాను. నూరు అని రాశాను. గున్నమ్మ గుమ్మం దగ్గరకు రాలేదు. టిఫిన్ గిన్నెలు రెండూ అడుగంటా ఖాళీ చేసి తెచ్చింది. ఎప్పుడూ ఒకటి మిగిలేది.

ప్రయాణం 616. బుధవారం.

రెండు వందల తొంభై. మధ్యలో ఒక ముడి.

నిద్రపోతే ముడి వేయాలని మా నియమం. పేనేవాళ్ళు నిద్రపోవడం ఇంతకుముందు ఎప్పుడూ జరగలేదు. గున్నమ్మ మెట్ల కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగింది. పోలయ్య చెయ్యి అందిస్తే తీసుకుంది. ఎవరి చెయ్యీ తీసుకునే మనిషి కాదు.

ఇంటికెళ్ళి అన్నం పెట్టి కూర్చోబెట్టాను. అడిగాను.

"లోపల ఏటవుతంది?"

"ఏటీ అవదు. అదే."

"కిటికీలో ఏటి కనబడతాది?"

"ముందర నలుపుండేది. ఇప్పుడు నలుపు కూడా లేదు."

"నలుపు కూడా లేకపోతే మరేటుంటాది?"

"నివ్వు నీ వీపు యెనకాల ఏటి సూస్తావు? అలగ."

ఇంకో ముద్ద తిని చెప్పింది. పెట్టెల్లో ఉన్న నూట నలభై మందీ ఒక్కసారే ఊపిరి తీస్తున్నారట. ఒక్కసారే వదులుతున్నారట. ఇదివరకు ఎవరి ఊపిరి వాళ్ళదే. మూడు వారాలనుంచి ఇలాగే ఉందట.

"ఆ ఊపిరికి నా సెయ్యి కలిసిపోవాలని సూస్తాది. కలిసిపోనాదనుకో, లెక్క పోయినట్టే. అది నెమ్మది, నాను తొందర. పట్టి పట్టి పేనుతున్నాను."

ఈ మాట ఆమె భయపడుతూ చెప్పలేదు. పని ఎలా చేయాలో చెప్పినట్టు చెప్పింది. భయపడింది నేను.

అయినా సాయంత్రం కోసిన తాడు కోసినట్టే ఉంది. పుస్తకంలో నూరు అని ఉంది.

శుక్రవారం.

గున్నమ్మను పాకలో గోడ గడియారం కింద కూర్చోబెట్టాను. పీచు ఇచ్చాను. గంట పేనమన్నాను. ఎందుకని అడగలేదు. కూర్చుని పేనింది.

పది బారలు. మూరెడు ఎక్కువ లేదు, మూరెడు తక్కువ లేదు.

సరిగ్గా నానని పాడు పీచు ఇచ్చి మళ్ళీ పేనమన్నాను. మధ్యలో పోలయ్యను పంపి కబుర్లు పెట్టించాను. వాడు తన కోడలి వంట గురించి చెప్పి కడుపుబ్బ నవ్వించాడు. నవ్వుతూనే పేనింది. పది బారలు.

నా చేత్తో నేను గంట పేనాను. తొమ్మిది బారలు, మూడు మూరలు. ఇది కూడా రాస్తున్నాను.

శనివారం.

గుంటలోంచి కోసిన ముక్కలన్నీ తీసి ఆరబెట్టి కొలిచాను. రెండు వందల ఎనభై ఏడు బారలు. ఇరవై తొమ్మిది గంటలకు కాస్త తక్కువ. నాలుగు వారాల్లో ఆమె ఒక రోజుకు పైగా ఎవరికీ లెక్కలేకుండా బతికింది. ఆమెతో పాటు నూట నలభై మంది చొప్పున వారం వారం. ఒక రోజు ఏమంత పెద్ద విషయం అని మొదట అనిపించింది. తర్వాత వరస చూశాను. తొమ్మిది, ఇరవై ఒకటి, అరవై ఎనిమిది, నూట తొంభై. ఇది ఆగే వరస కాదు.

టీ పెట్టి గున్నమ్మను పిలిచాను.

"సోమారం నివ్వు ఎక్కకు."

"నాను ఎక్కకపోతే భీమిలోళ్ళ పిల్లని ఎక్కిస్తారు. ఆ ఊపిరికి దాని సెయ్యి ఒక్క పూటలో కలిసిపోద్ది. ఇందుమతమ్మకి ఏటి సెప్తావు, ఎందుకెక్కలేదంటే?"

ఇందుమతి టవర్‌లో కాలం ఆఫీసరు. నా సంతకం చూడకుండానే తన సంతకం పెట్టేంత నమ్మకం ఆ అమ్మాయికి నా మీద.

"ఒంట్లో బాగోలేదని సెప్తాను," అన్నాను.

"కోసినవన్నీ సెప్తావేటి?"

ఆమె తొందరపెట్టలేదు. టీ చల్లారి పైన మీగడ కట్టేదాకా నా మొహమే చూస్తూ కూర్చుంది. నేను ఒక్క మాట అనాలి, అంతే. సెప్తాను అనాలి. నోట్లోనే ఉంది. పంతొమ్మిదేళ్ళ పుస్తకాలు అటక మీద కనబడుతున్నాయి.

ఆమె లేచి గ్లాసు కడిగి బోర్లించింది. పాకలోకి వెళ్ళి పీచు చుట్టలు కట్టుకుంది. పన్నెండు.

ప్రయాణం 617. సోమవారం.

గున్నమ్మ ఎక్కింది. పోలయ్య చుట్టలు మోసిపెడుతూ అన్నాడు, "ఏటప్పా ఇది, అక్కడే కాపరం పెట్టీడానికి ఎల్తన్నావేటి?"

"నీ బావ గొరక ఇనలేక పోతన్నానురా," అంది.

మెట్ల పైన నిలబడి నా వైపు చూసింది. చెయ్యి ఎత్తలేదు. లోపలికి వెళ్ళింది.

మంగళవారం.

ఉప్పుమేర నుంచి తీగ మీద కబురు వచ్చింది. పోయిన తాడు నూరు. క్షేమం.

రోజంతా ఏ పనీ చేయలేదు. రేపు పొద్దున చెబుతాను అనుకున్నాను. ఇప్పుడే ఎందుకు చెప్పకూడదు అని కూడా అనుకున్నాను. టవర్ మెట్లు సగం ఎక్కి దిగొచ్చాను. మోకాళ్ళు నొప్పి అని చూసినవాళ్ళకు చెప్పాను. మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

బుధవారం, పొద్దున్న.

ఎనిమిది గంటలకు కోసిన ముక్కలన్నీ గోనెసంచిలో వేసుకుని టవర్ ఎక్కాను. ఇందుమతి బల్ల మీద గుమ్మరించాను.

"ఏమిటి తాతా ఇది?"

"నా దొంగతనం," అన్నాను. మొత్తం చెప్పాను. దాయలేదు, తగ్గించలేదు. ఏ వారం ఎంత వచ్చింది, ఎంత కోశాను, ఏమని రాశాను, అన్నీ వరసగా చెప్పాను.

ఆ అమ్మాయి ముక్కలు ముట్టుకోలేదు. అంకెలు మాత్రం కాగితం మీద వేసుకుంది. వేసుకుంటూ ఉండగా మొహంలో రంగు మారింది. తీగ అందుకుని ఉప్పుమేరను పిలిచింది. విమానం ఆపమంది. అవతలి మాట నాకూ వినబడింది. రెండు గంటల కిందటే లేచిపోయింది.

"వెనక్కి పిలవలేరా?" అని అడిగాను.

"లోపలున్నదానికి మాట అందదు తాతా. తెలుసుగా."

"ఈపాలి ఎంతవుద్ది?"

"తెలియదు." అంకెల కాగితం పక్కకు పెట్టి, "నిన్న సాయంత్రం చెప్పి ఉంటే ఆపేవాళ్ళం," అంది.

ఆ మాట కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను కూడా ఏదో అనేవాడిని.

"కూర్చో తాతా. నాలుగింటిదాకా చేసేది ఏమీ లేదు."

కూర్చోలేదు. పాకకు వచ్చి మేకులు తుడిచాను. ఇది రాస్తున్నాను. పదకొండు అయింది. నాకు ఇంకా అయిదు గంటలు. గున్నమ్మకు ఎంతో నాకు తెలియదు. నేను ఈ వాక్యం రాసేలోపల ఆమె ఎన్నిసార్లు నిద్రపోయి లేచిందో తెలియదు.

బుధవారం, సాయంత్రం.

నాలుగింటికి దిగింది. ఒక్క నిమిషం తేడా లేదు.

పోలయ్య మెట్లబండి తోశాడు. తలుపు తెరుచుకుంది. ఉప్పుపనివాళ్ళు ఒక్కొక్కరే దిగారు. ఒక్కరి తల మీదా జుట్టు లేదు. ఆడవాళ్ళకీ లేదు. గెడ్డాలు లేవు. కనుబొమ్మలు లేవు. కత్తెరతో ఎగుడుదిగుడుగా, చర్మందాకా కోసిన తలలు. గోళ్ళు మాత్రం వేళ్ళ కొసలు దాటి పెరిగి ఉన్నాయి. నూట నలభై మంది. వాళ్ళకు ఏమీ తెలియదు. నిద్రపోయి లేచారు, అంతే. తలలు తడుముకుంటూ, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు.

పోలయ్యకు ఏదో ఒకటి అనకపోతే తోచదు. "ఏ కొండకెళ్ళి మొక్కు తీర్చుకున్నార్రా ఇంతమందీ," అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

చివరికి గున్నమ్మ వచ్చింది. తల గుండు. సగం అయిపోయింది మనిషి. సోమవారం కట్టుకున్న చీరకు అంచు లేదు, కొంగు లేదు, మోకాళ్ళదాకా పోగులు తీసేసి ఉంది. చేతులు రెండూ ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. పేనుతున్నాయి. అరచేతుల మధ్యనుంచి సన్నటి తాడు వెనక్కి, విమానంలోకి ఉంది.

నేను మెట్లెక్కి వెళ్ళాను. పేరు పెట్టి పిలిచాను. నా మొహం చూసింది. పోల్చుకుందో లేదో చెప్పలేను.

"కొలు," అంది.

మళ్ళీ అరచేతుల వైపు చూసుకుంది.

నేను లోపలికి చూశాను. నడవాలో మనిషి ఒదిగి నడిచేంత సందే మిగిలింది. ఈ చివరనుంచి ఆ చివరదాకా తాడు చుట్టలే, నిద్రపెట్టెలంత ఎత్తు, ఒకదానిమీద ఒకటి పద్ధతిగా పేర్చి ఉన్నాయి. ఒక పక్కన రెండు వందల ఎనభై భోజనం పెట్టెలు, జనం లేచాక పెట్టాల్సినవి, ఖాళీగా, కడిగి బోర్లించి ఉన్నాయి.

ఇందుమతి డాక్టరును తెచ్చింది. చేతులు పట్టుకుని ఆపబోయాడు. గున్నమ్మ అరిచింది. అలాంటి అరుపు నలభై ఏళ్ళ కాపరంలో నేను వినలేదు. డాక్టరు వదిలేశాడు. నిద్రమందు ఇస్తానన్నాడు. నేను వద్దన్నాను.

"ఏం చేస్తావు తాతా మరి?" అంది ఇందుమతి.

"కొలమంది గదమ్మా. కొలుస్తాను."

గురువారం.

పోలయ్య, మరి ఎనిమిది మంది కలిసి చుట్టలన్నీ తెంపకుండా పాకలోకి చేర్చేసరికి పొద్దెక్కింది. తాడు చివర ఇంకా గున్నమ్మ చేతుల్లోనే ఉంది. ఆమెను మేకులకు ఎదురుగా చాప మీద కూర్చోబెట్టాము. మొదలు నేను పట్టుకున్నాను.

ప్రతి బారా పైకి చెబుతూ చుడుతున్నాను. పోలయ్య వందకొక గీత గీస్తున్నాడు. ఇందుమతి కూర్చుని చూస్తోంది. ఇక నా లెక్కకు సాక్షి కావాలి, అది నేనే అడిగాను.

మొదటి వెయ్యి కొబ్బరిపీచు. మంచి పేనిక, పురి ఎక్కడా వదులు లేదు. వెయ్యి దాటాక పీచు సన్నబడింది. అయిపోతోందని తెలిసి పొదుపు చేసింది. తర్వాత నీలం ఉన్ని, దుప్పట్లది. తర్వాత నిద్రపెట్టెల పరుపుల బట్ట పోగులు. తర్వాత ఆమె చీర. మూడు వేల నాలుగు వందల దగ్గర వెంట్రుకలు మొదలయ్యాయి.

మొదట పొడుగు వెంట్రుకలు, ఆడవాళ్ళవి. కొన్ని గోరింటాకు రంగు. తర్వాత మగవాళ్ళవి, పొట్టివి. వాటిని జోడించి పేనడం ఎంత కష్టమో తాళ్ళపని తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. ఆరు వేలు దాటాక అన్నీ ఒకే పొడుగు. వేలు వెడల్పంత. నాకు అర్థం కాలేదు. ఇందుమతి చూసి చెప్పింది.

"ఇవి మళ్ళీ మొలిచినవి తాతా. ఒకసారి కోసిన తలలే. మొలిచాక మళ్ళీ కోసింది."

నేను లెక్క ఆపలేదు. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేను.

ముడులు కూడా లెక్కపెడుతున్నాము. పొద్దుగూకేసరికి డెబ్భై ఒకటి.

గున్నమ్మ చేతులు పేనుతూనే ఉన్నాయి. ఖాళీ చేతులు, చివరి కొస తప్ప అందులో ఏమీ లేదు. అన్నం నేను తినిపించాను. నోరు తెరిచి తిన్నది. కళ్ళు మేకుల మీదే ఉన్నాయి. నేను "ఆరు వేల రెండు వందల తొమ్మిది" అంటే ఆమె పెదవులు కూడా కదులుతున్నాయి. నాకంటే ఒక్క రవ్వ ముందు.

శుక్రవారం.

దగ్గరదారి మూసేశారు. పాత విమాన దారి ఎత్తేసి ఏళ్ళయింది, ఉప్పుమేరలో ఉన్నవాళ్ళు ఓడలో రావాలి, యాభై రోజులు. వాళ్ళ ఇళ్ళవాళ్ళు గేటు బయట నన్ను తిడుతున్నారని పోలయ్య చెప్పాడు. తిట్టనీ అన్నాను.

తొమ్మిది వేలు దాటాక తాడు నల్లపూసల దారమంత సన్నం. అయినా పురి అదే. పట్టుకుంటే తెలుస్తుంది. ఎక్కడా ఊపిరికి కలిసిపోలేదు. పది వేల దగ్గర ఒక చోట రెండు బారలు పురి నెమ్మదించింది. నా వేళ్ళు అక్కడ ఆగాయి. తర్వాత మళ్ళీ బిగిసింది. ఆ రెండు బారల్లో ఏమైందో, ఎలా తేరుకుందో, నేను ఊహించను.

మధ్యాహ్నం మూడింటికి నేలమీద తాడు అయిపోయింది. మిగిలింది గున్నమ్మ చేతులకూ మేకులకూ మధ్య వేలాడుతున్నది. చుట్టుకుంటూ ఆమె ముందుకు వచ్చాను. ముడులు నూట పది.

"పన్నెండు వేల ఆరు వందల పద్నాలుగు," అన్నాను. "రెండు మూరలు."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"మూడు," అంది.

నేను మళ్ళీ కొలిచాను. రెండే. ఇందుమతి కూడా రెండే అంది. గున్నమ్మ మా ఇద్దరినీ చూసింది. చేతులు నెమ్మదించాయి. ఆగలేదు. నెమ్మదిగా అరచేతులు విప్పింది.

ఆఖరి కొస అక్కడ ఉండచుట్టుకుని ఉంది. నేను దాన్ని విప్పి చాచాను. తెల్ల వెంట్రుకలు. ఆమెవి. మూరెడు.

"మూడు," అన్నాను.

"కోసినావేటి?"

"లేదు. ఏటీ కొయ్యలేదు."

"రాయి."

ఆమె కళ్ళముందే రాశాను. 617, తిరుగు ప్రయాణం, పన్నెండు వేల ఆరు వందల పద్నాలుగు బారలు, మూడు మూరలు, నూట పది నిద్రలు. కింద 613 నుంచి 616 దాకా అసలు అంకెలు రాసి, ముందు రాసినవి అబద్ధాలని రాసి, దాలయ్య అని సంతకం పెట్టాను. గట్టిగా చదివి వినిపించాను. ఇందుమతి తన సంతకం పెట్టేముందు ఈసారి మొత్తం చదివింది.

"నా సెయ్యి తప్పినాదా?" అని అడిగింది గున్నమ్మ.

"తప్పలేదు."

"మరైతే వొచ్చీసినామా?"

"వొచ్చీసినావు."

కాసేపు నా మొహం చూసింది, లెక్క సరిచూసుకున్నట్టు. తర్వాత చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. అవి ఆగాయి.